కిరాయి గదిలో ఇంటావిడ

అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్‌కి వెళ్తూ, చిక్కడపల్లిలో ఒక ఇంటి మేడ మీది గదిలో కిరాయికి ఉండేదాన్ని. కింద ఇంటావిడ, ఆమె కొడుకు, కోడలు ఉండేవాళ్లు. ఎప్పుడో గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబం.

ఒకరోజు పొద్దున ఇంగ్లిష్ క్లాసులో సారు 'ఇన్‌ట్రూడ్' అనే మాట చెప్పాడు.

"పిలవని చోటికి జొరబడటం. దొంగే కానక్కర్లేదు, చుట్టమైనా చేయొచ్చు" అన్నాడు. అందరం నవ్వాం.

తలనొప్పిగా ఉంటే మధ్యాహ్నం క్లాసు మానేసి గదికొచ్చాను. తలుపుకి తాళం లేదు. తోసి చూస్తే, నా మంచం మీద, నా దుప్పటి ముసుగేసుకుని ఎవరో పడుకుని ఉన్నారు.

"ఎవరది!" అని అరిచాను.

ఉలిక్కిపడి లేచి కూర్చుంది ఇంటావిడ.

"ఏంది ఆంటీ ఇది? నేను లేనప్పుడు నా రూముల పండుడేంది?" అన్నాను.

"తప్పేనమ్మా" అంది, జారిన ముడి సర్దుకుంటూ. "కోడలు హాల్లో కూర్చుని ఆఫీసు పని చేసుకుంటుంది. నేను అటూ ఇటూ తిరిగితే వీడియోలో పడతానట. దగ్గినా వినపడుతుందట. అందుకని నా దగ్గరున్న రెండో తాళంచెవితో ఇలా వస్తున్నాను."

దుప్పటి మడతపెడుతూ అడిగింది. "మొన్న వాళ్ల ఆఫీసరుకి సారీ చెబుతూ, అత్తగారు ఇన్‌ట్రూడ్ చేశారు అంది. అంటే ఏంటమ్మా?"

నా కోపమంతా ఎటుపోయిందో! పొద్దున రాసుకున్న అర్థం నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"అంటే... అడ్డమొచ్చుడు ఆంటీ."

"నా ఇంట్లో నేనా?" అంది.

"మధ్యాహ్నాలు ఈడికే రాండ్రి, నాకు చెప్పి రాండ్రి" అన్నాను. అప్పటినుంచి అలాగే వచ్చేది.

కొన్నాళ్లకి నేను గదిలో చదువుకుంటుంటే కోడలు పైకొచ్చింది.

"అత్తయ్య ఇంకా గుడి నుంచి రాలేదు. మీకేమైనా చెప్పారా?"

నేను మంచం వైపు చూపించాను. ఆమె గడప దగ్గరే ఆగింది.

"రోజూ గుడికని చెప్పి..."

చేతిలో ఫోన్ మోగింది. ఆమె తీయలేదు. చెప్పులు విడిచి లోపలికొచ్చి, నిద్రపోతున్న అత్తగారి కాళ్ల దగ్గర నేల మీద కూర్చుంది.