సంచి అడుగున పాత ఫిల్ము

2023 వానాకాలం. అప్పటికి నేను అమలాపురంలో ఒక స్కానింగ్ సెంటర్‌లో ఆయాగా చేరి తొమ్మిదేళ్ళయింది. ఇప్పటికీ అక్కడే పనిచేస్తున్నాను. సీటీ గదిలోకి వెళ్ళేముందు రోగి ఒంటి మీద లోహం ఏదీ లేకుండా చూడడం నా పని. గొలుసులు, పిన్నీసులు, లంగా హుక్కులు, మొలతాడుకు కట్టిన తాయెత్తులు అన్నీ తీయించాలి. ఒక్క పిన్నీసు ఉన్నా బొమ్మ మీద తెల్లటి చారలు పడి, లోపలున్నది సరిగ్గా కనబడదు.

నలభై ఆరేళ్ళు వచ్చేదాకా నాకు అక్షరం ముక్క రాదు. ఒకసారి ఒకరి ఫిల్ములు ఇంకొకరికి ఇచ్చేశాను. పాపం, వాళ్ళు ముక్తేశ్వరం దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చారు. ఆ సిగ్గుతో మా ఊళ్ళో సాయంత్రం బడికి వెళ్ళి తెలుగు నేర్చుకున్నాను. ఇంగ్లీషు పెద్ద అక్షరాలు మా టెక్నీషియన్ శ్రీనివాస్ గారు నేర్పారు. ఫిల్ము కవర్లే నాకు పలకలు. పేరు, వయసు, తేదీ, ఏ భాగం తీశారు అనే నాలుగు సంగతులు చదవగలిగితే చాలనేవారు ఆయన.

ఒకరోజు కాట్రేనికోన వైపు నుంచి ఒక మామ్మగారు పదేళ్ళ మనవరాలు దీపికను తీసుకొచ్చారు. పిల్లకు కొన్నాళ్ళుగా కడుపునొప్పి. డాక్టరు గారు కడుపు సీటీ రాశారు. నేను పిల్ల లంగా పిన్నీసులు తీస్తుంటే అది బిక్కమొహం వేసుకుని నిలబడింది.

"భయమెందుకమ్మా? పెద్ద గారె ఉంటాది. దాని చిల్లులోకి దూరి బయటికి వచ్చేయడమే" అన్నాను.

పిల్ల నవ్వింది. "పోయినసారి దాంట్లో కూడా అలాగే దూరేనండి!"

"నోరు ముయ్యవే!" అన్నారు మామ్మగారు గబుక్కున. "చిన్నపిల్లండీ, ఏదో అంటాది. మీరు కానివ్వండి."

పిల్లను లోపలికి పంపాను. పిన్నీసులూ తాయెత్తూ పొట్లం కట్టి మామ్మగారి సంచిలో పెట్టబోయాను. బట్టలకొట్టు వాళ్ళు ఇచ్చే పెద్ద సంచి అది. తువ్వాలు పక్కకు జరిపితే అడుగున ఒక ఫిల్ము కవరు కనబడింది, వేరే ఊరి సెంటర్‌ది. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కున్నాను. దీపిక. పదేళ్ళు. సీటీ అబ్డామెన్, అంటే కడుపు సీటీయే. తేదీ చూస్తే సరిగ్గా పన్నెండు రోజుల కిందటిది.

"మామ్మగారూ, మొన్ననే తీయించేరు కదండీ?"

"ఉష్! మెల్లిగా అండీ." ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. "ఆ డాక్టరు గారు తగ్గిపోతాదన్నారు. మళ్ళీ నొప్పొచ్చింది. ఆయన్ని కాదని మీ దగ్గరికొచ్చేం అంటే ఈ డాక్టరు గారు ఏమనుకుంటారు చెప్పండి? పైగా పాత కాగితాలు చూపిస్తే ఈయనా అదే మాట అనేస్తారాయె. ఏమీ చెప్పకపోతే అసలు సంగతి బయటపడతాదని దాచేను." మళ్ళీ నా మొహంలోకి చూసి, "అయినా ఆయాకి చదువెందుకండీ మధ్యలో!" అన్నారు.

ఆ మాట గుచ్చుకుంది. రాసింది డాక్టరు గారు, ఆపడానికి నేనెవర్ని అని కూడా అనిపించింది. కాని అప్పటికే శ్రీనివాస్ గారు పిల్లను బల్ల మీద పడుకోబెట్టి, తలుపు వేసి, కన్సోల్ ముందు కూర్చుంటున్నారు. స్కాను నడిపే కంప్యూటరు అదే. కవరు తీసుకుని ఆయన దగ్గరికి పరుగెత్తాను.

"ఒక్క నిమిషం ఆగండి! ఇది చూడండి."

ఆయన తేదీ చూసి మీట మీద నుంచి చెయ్యి తీసేశారు. పిల్లను బల్ల దింపి, మామ్మగారిని పిలిచారు.

"సీటీ అంటే ఎక్స్‌రేలేనండి. చుట్టూ తిరుగుతూ తీస్తాది కాబట్టి మామూలు ఎక్స్‌రే కంటే రేడియేషన్ చాలా ఎక్కువ. కడుపుకి తీసేటప్పుడు కాలేయం, పేగులు, అండాశయాలు అన్నీ ఆ దారిలోనే ఉంటాయి. ఎదిగే పిల్లల అవయవాల మీద దాని ప్రభావం పెద్దవాళ్ళ కంటే ఎక్కువ. అవసరమైతే రెండోసారీ తీస్తాం. అక్కర్లేకపోతే ఎందుకండీ?"

మామ్మగారి మొహం పాలిపోయింది. "అయితే మొన్న తీయించిందానికి నా పిల్లకి ఏమైనా అయిపోద్దా బాబూ?"

ఈలోగా ఫిల్ములు చూసే మా రేడియాలజిస్టు మేడం గారు వచ్చారు. పాత ఫిల్మును దీపాల పెట్టె మీద పెట్టి చూశారు.

"ఏం కాదండి, కంగారు పడకండి. ఒక్కసారికి ముప్పు చాలా తక్కువ. మొన్నది తీయాల్సిందే. అపెండిక్స్ కాదని తేల్చింది ఇదే కదండీ. పేగుల దగ్గర గ్రంథులు వాచేయి, అంతే."

సీటీ రాసిన డాక్టరు గారికి మేడం గారు ఫోన్ చేశారు. ఆయన కోప్పడలేదు సరికదా, ముందే తెలిస్తే నేను రాసేవాణ్ణే కాదన్నారట. రేడియేషన్ లేని అల్ట్రాసౌండ్ చేశారు. గ్రంథుల వాపు అప్పటికే తగ్గుముఖం పట్టింది.

"ఈ డాక్టరు గారు నిజంగా తిట్టలేదా అండీ?" అని మామ్మగారు రెండుసార్లు అడిగారు.

ఆవిడ అబద్ధాలాడే మనిషి కాదు. ఒక డాక్టరు మనసు నొప్పించకూడదని, ఇంకో డాక్టరు చేత నిజం చెప్పించాలని దాచిపెట్టారు. మా వైపు చాలామంది అంతే. అందుకే ఆ రోజు నుంచి పిన్నీసులు తీసేముందే అడుగుతున్నాను, "ఇంతకుముందు ఎక్కడైనా తీయించేరా అండీ? చెప్తే ఎవరూ ఏమీ అనుకోరండి" అని. ఆ రెండో మాట లేకుండా అడిగితే లేదనే అంటారు. అది కలిపితే, సంచులు వాటంతటవే తెరుచుకుంటాయి.

మూడు వారాల తరవాత మామ్మగారు పిల్లను తీసుకుని మళ్ళీ అల్ట్రాసౌండ్‌కు వచ్చారు. వస్తూనే సంచి నా బల్ల మీద బోర్లించారు. పాత ఫిల్ము, రక్తపరీక్షలు, పిల్ల టీకాల కార్డు, ఆఖరికి ఆవిడ కళ్ళజోడు చీటీ కూడా.

"ఇంకేమీ దాచలేదండీ. చదువుకున్నోరు మీరు, చూసుకోండి."

గ్రంథులు మామూలుగా ఉన్నాయని మేడం గారు చెప్పారు. దీపిక మాత్రం సీటీ గది తలుపు వైపే చూస్తోంది.

"ఇవాళ గారెలోకి వెళ్ళక్కర్లేదా అండీ?"

"అక్కర్లేదమ్మా" అన్నాను.

పిల్ల కాస్త చిన్నబుచ్చుకుంది. మామ్మగారూ నేనూ మొహమొహాలు చూసుకుని నవ్వుకున్నాం.