నేలమాళిగలో మాగుతున్న టైర్లు

ఉప్పు పట్టించి ఆరవేసిన పంది తొడ మాగినదీ లేనిదీ తేల్చడానికి ఆర్జియా తఫానీకి గుర్రపు ఎముకతో చెక్కిన సూది ఒకటి చాలు. కీలు దగ్గర ఆ సూదిని గుచ్చి తీసి, ముక్కు కిందికి తెచ్చుకుని, రెప్ప వేసి తెరిచేంతలో తీర్పు చెప్పేది. "అయింది", లేకుంటే "ఇంకా లేదు". ఆ తీర్పు మీద అప్పీలు లేదు. సియెనా కొండలలోని మొంతేరోవో అనే ఊరిలో, తండ్రి విడిచిపోయిన మాంసపు కొట్టును అరవై దాటిన వయస్సులోనూ ఆమె ఒంటిచేత్తో నడుపుకొస్తున్నది. పెళ్లి ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "కొట్టు కింద నేలమాళిగలో అన్ని తొడలు వేలాడుతున్నాయి. మాగేదాకా ఒక్కటీ నోరెత్తదు. అంతకంటె మంచి కాపురం ఏముంటుంది?" అనేది.

అటువంటి ఆర్జియా నోటినుండి కిందటి ఏడు ఒక మాట జారింది. ద్రాక్షకోతలు ముగిసిన తరువాత ఆ కొండలలో ఏటా పాత సైకిళ్ల పండుగ జరుగుతుంది. సైకిలు తాతలనాటిదై ఉండవలె. గేరు మీట ఫ్రేము దండెకే ఉండవలె. బ్రేకు తీగలు హ్యాండిలు మీద బహిరంగంగా వంగి కనబడవలె. ఒంటిమీద ఉన్ని చొక్కా తప్ప మరొకటి పనికిరాదు. ఆ వేషాలతో జనం తెల్లమట్టి దారుల వెంట దుమ్ము కొట్టుకుపోతూ సాంత బ్రిజిదా అనే నిట్టనిలువు కొండ ఎక్కుడు దగ్గరికి వచ్చేసరికి సగంమంది దిగి తోసుకుంటారు. ఆ ఎక్కుడు కొసన, పందిరి కింద, ఆర్జియా తొడను పలచగా కోసి రొట్టెలో పెట్టి ఇచ్చేది. పక్కనే ఆమె చిన్ననాటి స్నేహితురాలు నోర్మా చిక్కుడుగింజల పులుసు పోసేది.

ఆ రోజు ఎవరో పరదేశపు ముసలాయన నోటినిండా రొట్టె పెట్టుకుని, "ఇన్నేళ్లుగా మాకు పెడుతున్నారు. తమరెప్పుడమ్మా ఎక్కేది?" అని అడిగాడు. "వచ్చే ఏడు" అన్నది ఆర్జియా, కత్తి ఆపకుండానే.

నోర్మా చేతిలో గరిటె ఆగిపోయింది. సాయంత్రానికి ఆ కబురు కాఫీ కొట్టులోని పేకాట బల్లలన్నిటికీ చేరింది.

"ఏమే ఆర్జియా, సైకిలుకి తొడలు వేలాడదీసుకొస్తావా, నీ తొడల మీదే ఆధారపడతావా?" అన్నది నోర్మా, అందరూ వినేటట్లు.

"రెండూ మాగినవే. నువ్వు పులుసు చల్లారకుండా చూసుకో చాలు. కాలు నేల మోపకుండా వచ్చి నీ ముందు నిలబడి గిన్నె అందుకోకపోతే, ఆ మర్నాటినుంచి కొట్టు పేరు మార్చేసుకుంటా."

తండ్రి పేరు గల కొట్టు అది. పేకాటవాళ్లు ముక్కలు దించి ఆమె వంక చూశారు. ఆమె కాఫీ ముగించి, కప్పు బోర్లించి, నింపాదిగా లేచిపోయింది. ఎక్కగలనా అన్న అనుమానం ఆమెకు ఆనాడూ లేదు, ఆ పైనా లేదు. ఏమి ఎక్కి పోవలెనన్నదే ప్రశ్న.

ఆమె అన్నగారు సిరియో మేడమీద గదిలో ఉండేవాడు. యౌవనంలో పందేలకు దిగినవాడు. ఒక దిగుడులో పడి మోకాలు విరగ్గొట్టుకుని, ఆ తరువాత బతుకంతా ట్రాక్టర్లు బాగుచేస్తూ గడిపాడు. పడడానికి కొద్దికాలం ముందు, రాబోయే వసంతానికని, కొన్ని కొత్త కుట్టు టైర్లు కొని నేలమాళిగలో వేలాడదీశాడు. కుట్టు టైరంటే ట్యూబును లోపల పెట్టి చుట్టూ కుట్టేసి, రిమ్ముకు బంకతో అతికించే పందెపు టైరు. పచ్చి రబ్బరు దారిలోని ప్రతి చెకుముకి రాతినీ కడుపులోకి పీల్చుకుంటుందనీ, చీకట్లో చల్లగా మాగిన రబ్బరు దానిని విదిలించివేస్తుందనీ అక్కడి పాత పందెగాళ్ల నమ్మకం. అందుచేత తొడల పక్కనే టైర్లు కూడా మాగేవి. ఆ వసంతం సిరియోకు రాలేదు. అయినా ప్రతి శనివారం పొద్దున్నే కుంటుకుంటూ మెట్లు దిగి, టైర్లను ఒక్కొక్కటిగా తిప్పి, తుడిచి, మళ్లీ తగిలించి వచ్చేవాడు.

ఆర్జియా అడగ్గానే అతడు సైకిలు ఇచ్చాడు. తన పాత ఉన్ని చొక్కా ఇచ్చాడు. టైర్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం గడ్డం పైకెత్తాడు.

"చక్రాలు ఇస్తాను. కాని పచ్చి రబ్బరు మీద నా చక్రం తిరగదు. నా టైర్లు మాగాకే."

"ఇంకా ఎప్పుడు మాగుతాయి అన్నయ్యా? నీ మోకాలు విరిగిన ఏడు పిండిన ద్రాక్షరసం సారా అయి, పులిసి సిరకా అయి, ఇప్పుడు దానితో కిటికీలు తుడుచుకుంటున్నాం."

"సారాకి తొందరెక్కువ. రబ్బరు పెద్దమనిషి."

ఆ కాలపు చక్రాలు మరొక జత చుట్టుపక్కల దొరకవు. ఉన్నవాళ్లు తామే ఎక్కుతారు. కనుక అన్న ఔనంటేనే ఆమె మాట నిలుస్తుంది. ఆర్జియా ఆ రోజుకు ఊరుకున్నది. ఊరుకోవడమంటే వదిలివేయడమని ఆమెను ఎరిగినవాళ్లెవరూ అనుకోరు.

కొట్టు సరుకు మోసే పాత ఇనుప సైకిలుకు ముందు బుట్ట తగిలించుకుని, సాసేజీలు నింపుకుని, కొండమీది పొలాల ఇళ్లకు తానే చేరవేయసాగింది. మొదట సాంత బ్రిజిదా ఎక్కుడులో మూడువంతులు తోసుకుంటూ పోయేది. ఈస్టరు నాటికి సగం తొక్కింది. ఎండలు ముదిరేసరికి కొసమలుపులోని సరుగుచెట్టు దాకా సీటు దిగడం మానింది. "ఏమమ్మా, గుర్రం కొనుక్కోరాదా?" అని ద్రాక్షతోటల మీదినుంచి కేకలు వేసేవారు. "గుర్రం ఎముక ఉంది, చాల్లే!" అని ఆమె తిరిగి కేకవేసేది.

అంతకుముందే, వసంతంలో ఒకనాడు అన్న ఇంట లేని వేళ ఆమె టైర్ల కొంకి దగ్గరికి పోయింది. ఒకదానిని చేతులలోకి తీసుకుని, వంచి, ముక్కు దగ్గర పెట్టుకున్నది. వాసన ఏమీ లేదు. మంచి వాసనా లేదు, చెడ్డదీ లేదు. ఆమె లెక్కలో వాసన లేని తొడ చచ్చినదానితో సమానం. వేలితో నొక్కగానే కుట్టు కింది నేత పిండిలాగా రాలింది. సియెనా పెద్దమనుషుల ముఖం మీదనే "మీ తొడ కుళ్లింది" అని చెప్పిన మనిషి, మేడమీదికి పోయి అన్నతో ఆ ఒక్క మాట చెప్పలేకపోయింది. టైరును ఎట్లా ఉన్నదట్లా తగిలించి, చేతులు కడుక్కున్నది.

జూన్‌లో సియెనా వెళ్లి కొత్త కుట్టు టైర్ల జత కొన్నది. వాటిని తొడలకు చుట్టే పలచని గుడ్డలో మూటకట్టి, ఉత్తరపు మూలలో, అన్నిటికంటె పెద్ద తొడల వెనుక తగిలించింది. మాళిగ తనది. చీకటి తనది. మూడు నాలుగు నెలలలో కొంతైనా మాగుతాయి. పండుగ ముందర అన్న టైర్లను దాచివేసి, వీటినే చక్రాలకు అతికించి, అన్నవే వాడానని చెప్పవచ్చును. అనుమానం రాకూడదని ఆ తరువాత ఆ మూల వైపు కన్నెత్తి చూడలేదు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుందంటారే, అట్లాంటి జాగ్రత్త అది.

వేసవి అంతా శనివారాలు యథాప్రకారం సాగాయి. సిరియో మాళిగనుండి పైకి వచ్చి చేతులు తుడుచుకునేవాడు.

"మాగాయా అన్నయ్యా?"

"ఇంకా లేదు."

ఒక వారం మాత్రం, "కొంచెం దారిలో పడుతున్నాయి" అన్నాడు. పాపం అనుకున్నది ఆర్జియా.

ద్రాక్షకోతలు ముగిశాయి. పండుగకు ముందటి ఆదివారం అన్న పేకాటకు పోగానే, ఆమె మాళిగలోకి దిగి, ఉత్తరపు మూలలోని మూట విప్పింది. లోపల ఉన్నవి కొత్త టైర్లు కావు. ముట్టుకోగానే నేత పిండిపిండిగా రాలింది. వారం రోజులలో టైర్లు తెచ్చినా అవి పచ్చివి. అన్న ఒప్పుకోడు. కాఫీ కొట్టులో తాను విసిరిన మాట, తండ్రి పేరు గల పలక, రెండూ ఒక్కసారిగా కళ్లముందు నిలిచాయి.

మెట్ల మీద కుంటికాలి చప్పుడు వినబడింది. సిరియో దిగివచ్చాడు. రెండు భుజాలకు రెండు చక్రాలు తగిలించుకున్నాడు. వాటికి టైర్లు బిగువుగా ఎక్కించి ఉన్నాయి.

"పందికొవ్వు బొట్లుబొట్లుగా కారేచోట రబ్బరు వేలాడదీస్తారటే? కొవ్వు తగిలితే రబ్బరు బతుకుతుందా? తొడల సంగతి తెలిస్తే టైర్ల సంగతీ తెలిసిపోయిందనుకున్నావు."

"ఎప్పుడు మార్చావు?"

"నువ్వు తగిలించిన వారమే. కొత్త రబ్బరు వాసన మెట్లమీదికే కొట్టింది. మూట అట్లాగే ఉంచి, నీవి నా కొంకికి, నావి నీ మూటలోకి. నీ ముక్కు పందికి తప్ప పనికిరాదు."

"అయితే ఇన్ని శనివారాలు ఇంకా లేదు, ఇంకా లేదు అన్నది..."

"నీ వాటి గురించే. నిన్నటితో అయ్యాయి. రిమ్ము మీద సాగదీసి చూశాను. బంక పూయడమే తరువాయి."

ఆర్జియా చేతిలోని పాత టైరు వంక చూసింది. "మరి ఇవి?"

"అవి నాన్న పోయిన ఏడే పోయాయి."

"తెలిసే తిప్పుతూ వచ్చావా?"

సిరియో చక్రాలను గోడకు ఆనించి, మోకాలు రుద్దుకున్నాడు. "శనివారం పొద్దున్నే మెట్లు దిగడానికి మనిషికి ఒక పని ఉండొద్దూ? నీకు తెలిసీ నాకెందుకు చెప్పలేదు?"

"నీకు పని పోతుందని" అన్నది ఆర్జియా.

అతడు నవ్వాడు. ఆ మధ్యాహ్నం ఇద్దరూ కలిసి రిమ్ములకు బంక పూసి, టైర్లు అతికించారు. బంక ఆరేవరకు కూర్చుని మిగిలిన మాటలు తేల్చుకున్నారు.

"నేను సైకిలెక్కితే పందిరి కింద తొడ ఎవరు కోస్తారు?"

"ఎవరినైనా చూసుకో."

"చూసుకున్నాను. నువ్వే."

"నేనా? నేను కోస్తే కట్టెలు కొట్టినట్టుంటుందే!"

"ఉండనీ. తొక్కేవాళ్లకి పళ్లు గట్టివి."

పండుగనాడు తెలవారుతుండగా ఆర్జియా బయలుదేరు గీత దగ్గర నిలబడింది. ముదురు ఎరుపు ఉన్ని చొక్కా చేతులు రెండు మడతలు వేసుకున్నది. సీటు కింద, దారిలో అక్కరకని కొన్న మంచి టైరు ఒకటి చుట్టి కట్టుకున్నది. పాత పందెగాళ్ల పద్ధతిలో మరొక టైరు రెండు భుజాల మీదుగా అడ్డంగా వేసుకున్నది. సైకిళ్లు పరీక్షించే యువకుడు దానిని పట్టి చూసి, "అమ్మగారూ, ఇది పుచ్చిపోయిందండీ" అన్నాడు. "తెలుసు నాయనా. ఇది పనికోసం కాదు" అని ఆమె కదిలిపోయింది.

సాంత బ్రిజిదా ఎక్కుడు మొదట్లో ముందున్నవాళ్లు ఒక్కరొక్కరే దిగసాగారు. ఆమె దిగలేదు. సాసేజీల బుట్ట లేని సైకిలు దూదిపింజలాగా తోచింది. సరుగుచెట్టు మలుపులో వెనుకచక్రం కంకర మీద జారబోయింది. ఆమె సీటు వెనక్కి జరిగి బరువు దించింది. మాగిన రబ్బరు నేలను కరిచిపట్టుకున్నది. చెకుముకి రాళ్లు చక్రం కిందినుండి చిటపట ఎగిరిపోయాయి. దుమ్ము తెర విడగానే పందిరి కనబడింది.

"వస్తోందర్రోయ్! సీటు మీదే వస్తోంది!" అని నోర్మా గరిటెతో గిన్నె మీద వాయించింది.

ఆర్జియా బల్ల ముందు బ్రేకు పట్టి, భుజం పందిరి గుంజకు ఆనించి నిలదొక్కుకున్నది. కాలు నేల మోపకుండానే చెయ్యి చాచింది. నోర్మా ఆ చేతిలో వేడి పులుసు గిన్నె పెట్టి, "ఇక దిగవే తల్లీ, కొట్టు పేరు నీదే" అన్నది.

పక్క బల్ల వెనుక సిరియో కత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు. ముందున్న పళ్లెంలో తొడ ముక్కలు నిజంగానే కట్టెలలాగా ఉన్నాయి. అతని చూపు ఆమె ముఖం మీదినుండి భుజాల మీదికి జారి అక్కడే ఆగిపోయింది.

"ఈ ముసలిదాన్ని ఎందుకు మోసుకొచ్చావు?"

"మాగిందేమో చూస్తావని."

సిరియో కత్తి పక్కన పెట్టాడు. చేతులు తుడుచుకుని, బల్ల చుట్టి వచ్చి, వంగి, ఆమె భుజం మీది టైరును ముక్కు దగ్గరికి తీసుకున్నాడు. రెప్ప వేసి తెరిచేంతసేపు వాసన చూశాడు.

"ఇంకా లేదు" అన్నాడు. ఆమె పులుసు తాగి గిన్నె దించగానే, లావుపాటి తొడ ముక్క ఒకటి రొట్టెలో పెట్టి ఆమె చేతికిచ్చి, సీటు మీద ఒక చెయ్యి వేసి ముందుకు తోశాడు.