వదినగారి సోయా ముద్ద

మా అత్తగారికి బూజంటే ఒళ్లు మంట. ఆవకాయ జాడీ మూత తీయాలంటే చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, ఆరబెట్టుకుని మరీ తీసే మనిషి. అలాంటావిడ అమెరికాలో మేముండే ట్రాయ్‌లో ఒక చలికాలం బూజు పట్టాలని దేవుడికి దణ్ణాలు పెట్టారంటే మా బంధువులెవరూ నమ్మరు. నమ్మకపోతే మానె, నేను కళ్లారా చూశాను.

ఆ ఏడాది ఆవిడ ఆరు నెలలు ఉందామని మా ఇంటికి వచ్చారు. పక్కింట్లో కొరియా వాళ్లు. ఆ ఇల్లాలు, నేను ఒకే ఆఫీసు. ఆమె తల్లి కూడా అప్పుడే కూతురి దగ్గరికి వచ్చింది. పెద్దవాళ్లిద్దరికీ ఇంగ్లీషు అంతంతమాత్రం, ఒకరి భాష ఒకరికి అసలే రాదు. అయినా వారం తిరక్కుండా మా అత్తగారు ఆవిణ్ణి "వదినగారూ" అని పిలవడం, ఆవిడ పలకడం మొదలైపోయాయి.

వాళ్లను కలిపింది ఉప్పు. ఒకరోజు ఆ పెద్దావిడ మా వంటింట్లో టేబుల్ సాల్ట్ డబ్బా తెరిచి, నాలుక మీద రెండు పలుకులు వేసుకుని, మొహం చిట్లించి, డబ్బాను అవతలికి నెట్టేసింది. ఇంకేం, మా అత్తగారు నా మీద పడ్డారు.

"చూశావా అమ్మాయ్! ఈ పిండి ఉప్పు ఊరగాయకి పనికిరాదే అని నేను మొత్తుకుంటే విన్నావా? ఆవిడకి తెలిసింది, నీకు తెలీలేదు."

మర్నాడే ఇద్దరినీ కొరియా షాపుకి డ్రైవ్ చేసుకుని తీసుకెళ్లాను. రాళ్ల ఉప్పు బస్తా ముందు నిలబడి ఇద్దరూ అరగంట మాట్లాడుకున్నారు. ఏ భాషలోనో నన్నడగకండి.

చలి మొదలవగానే పెద్దావిడ సోయా ముద్ద పెట్టే పని ఎత్తుకుంది. సోయా గింజలు మెత్తగా ఉడికించి, దంచి, ఇటుకల్లా చేసి, వరిగడ్డితో కట్టి వేలాడదీస్తారు. అవి కొన్ని వారాలు పులిశాక జాడీలో ఉప్పునీళ్లు పోసి ఊరబెడతారు. వాళ్లింట్లో చారుకీ కూరకీ అదే ఆధారం. గింజ పాతదైతే ఎంత ఉడికినా మెత్తబడదట. నీళ్లలో మందు వాసన ఉంటే సరిగా పులియదట. ఉప్పులో చేదుంటే ముద్దంతా చేదేనట. అందుకని ఆవిడ కళ్లజోడు పెట్టుకుని గింజ గింజా ఏరింది. కుళాయి నీళ్లు పట్టి, మూత పెట్టకుండా మర్నాటిదాకా ఉంచింది. కూతురు ఇదంతా నాకు చెబుతుంటే, నేను తెలుగు చేసి వినిపిస్తుంటే, మా అత్తగారు సొంత ఆడపడుచు గొప్పలు వింటున్నట్టు మురిసిపోయారు. ఉడికించే రోజు పొద్దున్నే కొంగు బిగించి సాయానికి వెళ్లారు కూడా.

కొన్ని వారాల తర్వాత ఒక ఆదివారం ఆ కూతురు మా ఇంటికి వచ్చి కుర్చీలో కూలబడింది.

"అమ్మ రెండు రోజులుగా సరిగ్గా తినట్లేదు. ముద్దల మీద బూజు రాలేదు. రాళ్లలా ఎండిపోయాయి."

"బూజు రాకపోతే మంచిదే కదే! దానికి బెంగెందుకు?" అన్నారు అత్తగారు, నేను తెలుగు చేసి చెప్పగానే.

"కాదు అత్తయ్యా, తెల్ల బూజు పడితేనే అది పులిసినట్టు. అదే దానికి ప్రాణం."

కూతురు కళ్లు తుడుచుకుంది. "మొదట గింజలు మంచివి కావంది. తర్వాత నీళ్లంది. ఇప్పుడేమో తన చెయ్యే పోయింది, ఆ పనితనం లేని ఇవి తన చేతులే కావంటోంది. పోయినేడు జబ్బు చేసినప్పటినుంచి ఆ భయం ఉంది తనకి. మా ఊళ్లో అందరూ తన చేతి ముద్ద కోసం వచ్చేవాళ్లు. ఇక జన్మలో చేయనని జాడీ తీసి గరాజ్‌లో పెట్టేసింది."

అది విన్నాక అత్తగారి మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"అమ్మాయ్... నేను అందులో పసుపు వేశానే."

"ఏంటీ?"

"ఆవిడ అటు తిరిగినప్పుడు వేశాను. రెండు చెంచాలు. పసుపు లేని పప్పు మనింట్లో తద్దినం రోజునే కదా వండుతాం? కూతురి కోసం చేసుకుంటోంది, శుభమా అంటూ..."

"మిమ్మల్నెవరు వేయమన్నారు అత్తయ్యా!" అని అరిచాను. అరిచాక ఆవిడ మొహం చూస్తే నాకే ఏడుపొచ్చింది.

అత్తగారు చెప్పులైనా సరిగ్గా తొడుక్కోకుండా, పసుపు డబ్బా పట్టుకుని, మంచులో పడుతూ లేస్తూ పక్కింటికి వెళ్లారు. పెద్దావిడ ముందు నిలబడి, తన గుండెల మీద చెయ్యి వేసుకుని, గిన్నెలో పసుపు వేస్తున్నట్టు అభినయించి, చెంపలు వాయించుకున్నారు. ఆవిడ లేచి ఎండిన ఇటుక ఒకటి విరిచి వెలుతురులో చూసింది. అమెరికా గింజల రంగే అంత అనుకుందట పాపం. చూసి చూసి మా అత్తగారి భుజం మీద ఒక్కటిచ్చింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. ఒక పట్టాన ఆపలేదు.

జాడీ మళ్లీ ఇంట్లోకి వచ్చింది. రెండోసారి ఉడికించేటప్పుడు మా అత్తగారు ఆ పొయ్యికి ఆమడ దూరంలో కూర్చున్నారు. అసలు నరకం ఆ తర్వాతే. పొద్దున లేస్తే అదే గోల.

"ఈసారి కూడా రాకపోతే ఎలాగే? పసుపు మీదికి నెట్టడానికి లేదు. నిజంగానే తన చెయ్యి పోయిందనుకుంటుంది. పిచ్చిది, ఇంక తట్టుకోలేదు."

దేవుడి ముందు దీపం పెట్టి, "స్వామీ, వదినగారి ముద్దకి బూజు పట్టించు తండ్రీ" అని పైకే మొక్కేవారు. నాకు నవ్వాగేది కాదు. తర్వాత తర్వాత నేనూ మొక్కాను, అబద్ధమెందుకు.

ఒక సాయంత్రం ఫోన్ వచ్చింది, రమ్మని. ఏమైందో చెప్పలేదు. వాళ్ల బేస్‌మెంట్‌లోకి దిగుతుంటే అత్తగారు నా చెయ్యి నొక్కి పట్టుకున్నారు. ముద్దలన్నీ తెల్లగా, నూగునూగుగా, నిండా బూజు. పెద్దావిడ వాటి కింద నిలబడి తన రెండు అరచేతులూ తిప్పి తిప్పి చూసుకుంటూ ఏదో గొణుగుతోంది.

"ఏమంటోందే?" అన్నారు అత్తగారు. నేను కూతురి వైపు చూశాను.

"ఇవి ఇంకా నా చేతులే, అంటోంది."

నేను తెలుగు చేసి చెప్పాను. మా అత్తగారు వెళ్లి ఆ చేతులు రెండూ పట్టుకుని కళ్లకద్దుకున్నారు.