నాలుగు వందల పన్నెండు పలకలు

కంభంలో చిల్లర దుకాణం నడిపిన సుబ్బన్న కూతురు హైమావతి సాధించినవి చెప్పుకుంటూ పోతే ఒక పూట పడుతుంది. పదో తరగతిలో మండలానికే మొదటి ర్యాంకు. వాళ్ళ ఇళ్ళలో ఎం.సి.ఏ. చదివిన మొదటి ఆడపిల్ల. గిద్దలూరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పద్దెనిమిదేళ్ళుగా కంప్యూటర్ పాఠాలు చెబుతోంది. ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళు బెంగళూరులో, హైదరాబాదులో పెద్ద కంపెనీల్లో కూర్చున్నారు. ఒక రాష్ట్ర స్థాయి సదస్సులో ఆమె పత్రానికి మొదటి బహుమతి ఇచ్చి శాలువా కప్పారు. పడమటి ప్రకాశంలో ఇంత చదువు చదివిన ఆడమనిషి ఉందని చెప్పుకోవడానికి ఎవరికైనా గొప్పగానే ఉంటుంది. ఇన్ని ఉండి కూడా, నలభై మూడేళ్ళు నిండేసరికి ఆమె పేరు ముందు డాక్టర్ అన్న ఒక్క మాట చేరలేదు. ఎందుకు చేరలేదో కూడా చెప్పాలి కదా.

ఆమె పీహెచ్‌డీ పరిశోధన ఏమిటంటే, ఒక సంస్థలో పని నిజంగా ఎలా నడుస్తుందో, ఏ కబురు ఎవరి నుంచి ఎవరికి పోతుందో, ఏ నిర్ణయం ఎవరు తీసుకుంటారో కనిపెట్టి పటంగా గీయడం. యూనివర్సిటీలో దాన్ని ఎంటర్‌ప్రైజ్ మోడలింగ్ అంటారు. కంప్యూటర్ ప్రోగ్రాం రాయబోయే ముందు ఈ పటం ఉండాలి. పటం తప్పితే ప్రోగ్రాం తప్పుతుంది, ప్రోగ్రాం తప్పితే సంస్థ తిప్పలు పడుతుంది. తోటివాళ్ళంతా బ్యాంకులు, సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఎంచుకుంటే హైమావతి మార్కాపురంలో ఒక పలకల కార్ఖానా ఎంచుకుంది. ప్రతి ఆదివారం గిద్దలూరులో రైలెక్కి మార్కాపురం రోడ్డులో దిగి, ఆటోలో షెడ్డుకు చేరేది.

మొదటి రెండేళ్ళు ఆఫీసులో కూర్చుని, గుమాస్తా మాల్యాద్రి చెప్పింది చెప్పినట్టు గీసింది. ఆర్డరు వస్తుంది, సైజు, లెక్క, తేదీ కంప్యూటర్లో ఎక్కుతాయి, షెడ్డులో రాయి కోస్తారు, పెట్టెలకెత్తుతారు. గైడు కోటేశ్వరరావు ఆ పటం చూసి శుభ్రంగా ఉందన్నాడు. శుభ్రంగానే ఉంది, నిజంగా లేదు. ఆ సంగతి ఒక ఆదివారం షెడ్డులోకి నడిచినప్పుడు తెలిసింది.

షెడ్డులో కాగితం ఉండదు. ఆర్డరు రాగానే మేస్త్రీ బడే సాహెబ్ ఒక పనికిరాని పలక ముక్క తీసుకుని బలపంతో నంబరు, సైజు, లెక్క రాస్తాడు. రాయి చేతులు మారినప్పుడల్లా ఆ పలక కూడా దానితో పాటే చేతులు మారుతుంది. కోతకు ముందు అది గురమ్మ దగ్గర ఆగుతుంది. గురమ్మ పని రాయి ఏరడం. వేలి కణుపుతో రాయిని కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విని, పొర నిలుస్తుందో లేదో చెబుతుంది. ఆమెకు అక్షరం రాదు. పలక మీద అడ్డంగా ఒక గీత గీసిందంటే సైజు తగ్గించమని. రెండు గీతలంటే ఈ రాయి వేరే ఆర్డరుకు మళ్ళించమని. సున్నా చుడితే గని నుంచి కొత్త రాయి తెప్పించమని. ఆమె గీసినట్టే షెడ్డు నడుస్తుంది. పని అయ్యాక తడిగుడ్డతో తుడిచి అదే పలకను ఇంకో ఆర్డరుకు వాడతారు. ఆఫీసుకు ఈ గీతల సంగతే తెలియదు. వాటి అర్థం పూర్తిగా పట్టుబడడానికి హైమావతికి మూడేళ్ళ పైనే పట్టింది.

హైమావతి అంతకు ముందు గీసిన పటాన్ని పక్కన పడేసింది. కార్ఖానాలో సగం నిర్ణయాలు ఏ రికార్డులోనూ పేరు లేని మనిషి తీసుకుంటోందని రుజువు చేయాలి. దానికి ఆధారం ఆ పలకలే. పదిహేను నెలలు ఏ పలకనూ తుడవొద్దని, ఆర్డరుకొక కొత్త ముక్క వాడమని బతిమాలింది. బడే సాహెబ్ ఒప్పుకున్నాడు. గురమ్మ మాత్రం బుగ్గలు నొక్కుకుంది.

"ఇంత చదివి మళ్ళా పలకా బలపం పట్టుకున్నావేందమ్మా? మీ పంతులు కింది క్లాసులో ఏసినాడా?"

షెడ్డంతా నవ్వింది. హైమావతి కూడా నవ్వింది. అక్కడ ఆమెకు పలకల మేడం అన్న పేరు అలా స్థిరపడింది.

పలకలు చెక్కపెట్టెల్లో చేరుతూ వచ్చాయి. మొదటి ఎనభై ఏడింటికి ఆమె ఫోనులో ఫొటోలు తీసుకుంది. ఆ తర్వాత కాలేజీకి తనిఖీ వస్తుందంటే ఆదివారాలు కూడా ఫైళ్ళు సర్దడానికే సరిపోయాయి. పలకలు ఎక్కడికి పోతాయి, దసరా సెలవుల్లో అన్నిటికీ ఒకేసారి నంబర్లు వేసి మంచి వెలుతురులో ఫొటోలు తీద్దామనుకుంది. రెండు వేల ఇరవై మూడు దసరా నాటికి నాలుగు వందల పన్నెండు పలకలయ్యాయి. రిజిస్ట్రేషన్ గడువు అప్పటికే రెండు సార్లు పొడిగించారు. నవంబరు ఆఖరుతో అది ముగుస్తుంది. మూడోసారి పొడిగించరు. మూడు వందల యాభై ఆర్డర్లయినా లేకపోతే లెక్కలు నిలవవని గైడు ముందే చెప్పి ఉన్నాడు.

పండగ మరునాడు ఆమె తెల్లగుడ్డ, లైటు సంచిలో పెట్టుకుని షెడ్డుకు వెళ్ళింది. ఆయుధపూజ చేసిన మిషన్ల మీద బంతిపూల దండలు ఇంకా వాడిపోలేదు. గోడ వారన ఆమె పెట్టెలు నాలుగూ వరసగా ఉన్నాయి, వాటికీ దండలు వేసి ఉన్నాయి. మూత తీసింది. పలకలన్నీ నల్లగా నిగనిగలాడుతున్నాయి. ఒక్కొక్క దాని మీద పసుపు, నడుమ కుంకుమ బొట్టు. అక్షరం లేదు, గీత లేదు.

గురమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. సున్నిపిండి పెట్టి రుద్దడానికి తనకూ ఇంకో ఇద్దరికీ మూడు దినాలు పట్టిందని చెప్పింది.

"సదువుకొనే వస్తువులు. మురికిగా పెట్టి పూజ చేస్తామా? రాతంతా నీ ఫోన్లోకి పోయిందిగా, నేను సూడలేదా ఏంది?"

మొదటి పెట్టె ఫొటోలు తీసేటప్పుడు గురమ్మ పక్కనే ఉండి చూసింది. మిగిలినవి కూడా అలాగే ఎక్కాయని, ఇక పలకల్ని పెద్ద బడిలో గౌరవంగా పెట్టడానికి దాస్తున్నారని ఆమె అనుకుంది. వద్దనేవాడు బడే సాహెబ్ ఒక్కడే. ఆయన ఆ మూడు రోజులూ కురిచేడులో బంధువుల ఇంట్లో ఉన్నాడు.

హైమావతి మిగిలిన మూడు పెట్టెల మూతలూ తీసి చూసింది. పెట్టె అంచు మీద కూర్చుండిపోయింది. గురమ్మ కంగారుగా నీళ్ళు తెచ్చింది. ఎండకు కళ్ళు తిరిగాయని అబద్ధం చెప్పి ఆ నీళ్ళు తాగింది. ఏడేళ్ళ ఆదివారాలు ఆ నీళ్ళతో పాటు గొంతులో దిగుతున్నట్టు ఉంది ఆమెకు.

బడే సాహెబ్ తిరిగి వచ్చాక విషయం ఆయనకు ఒక్కడికే చెప్పింది. ఆయన తల పట్టుకున్నాడు. తర్వాత తేరుకుని, తాను ఐదో తరగతి చదివినవాడైనా నలభై ఆరేళ్ళుగా ఒక్క ఆర్డరు తప్పలేదని, ముగ్గురు యజమానుల దగ్గర మాట పడలేదని, ప్రతి ఆర్డరూ తన తలలోనే ఉందని చెప్పాడు.

"ఏడవొద్దు హైమమ్మా. నీ పలకలు నేను మళ్ళా రాసిస్తా."

రాశాడు. మాల్యాద్రి కంప్యూటర్లోంచి నంబర్లు, తేదీలు చెబుతుంటే ఐదు రోజులు కూర్చుని నాలుగు వందల పన్నెండూ ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. హైమావతి ప్రాణం లేచొచ్చినట్టయింది. ముందు మొదటి ఎనభై ఏడింటినీ ఫోనులోని ఫొటోలతో పోల్చి చూసింది. సైజు తప్పలేదు, లెక్క తప్పలేదు. కానీ ఫొటోల్లో ముప్పై ఆరు పలకల మీద గురమ్మ గీతలున్నాయి. కొత్త పలకల్లో ఒక్క దాని మీదా లేవు.

ఆ సంగతి అడిగితే బడే సాహెబ్ తేలిగ్గా చెప్పాడు.

"అవి పనిలో వచ్చి పోయేటివి కదమ్మా. యూనివర్సిటీలో పెద్దోళ్ళు చూసేదానికి కొట్టివేతలెందుకు? సరుకు సక్కగా పోయినాదా లేదా?"

సరుకు చక్కగానే పోయింది. ఎలా పోయిందన్నదే ఆమె ఏడేళ్ళ ప్రశ్న. ఈ పలకలు చూపిస్తే షెడ్డులో అంతా ఆఫీసు చెప్పినట్టే జరిగిందని రుజువవుతుంది. తన మీద తానే సాక్ష్యం తెచ్చుకున్నట్టవుతుంది.

ఆఖరి ఆశగా గురమ్మను పక్కకు పిలిచి, ఏ ఆర్డరుకు ఏ గీత గీసిందో గుర్తుందా అని అడిగింది. గురమ్మ నాలుగు పలకలు తిప్పి చూసింది.

"రాయిని జూస్తే గుర్తొస్తది గానీ, పలక జూస్తే నాకేం తెలుస్తది? ఆ రాళ్ళు ఎప్పుడో ఓడెక్కి పోయినాయి." హైమావతి ముఖం చూసి, గొంతు తగ్గించింది. "నీకు ఎన్ని గావాల్నో చెప్పమ్మా. గీస్తా."

ఎనభై ఏడింటికి ముప్పై ఆరు. ఆ లెక్కన మొత్తానికి నూట డెబ్బై. హైమావతి మనసు ఆ గుణకారం తనంతట తానే చేసింది. బలపం తీసి గురమ్మ చేతిలో పెట్టింది కూడా. గురమ్మ పీట మీద కూర్చుని ఒక గీత, రెండు గీతలు, ఒక సున్నా, అందంగా, ముగ్గు వేసినట్టు గీసుకుంటూ పోయింది. పదకొండు పలకలు అయ్యాయి. అవి ఏ రాయినీ విని గీసినవి కావు. హైమావతి ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. ఆ పదకొండింటినీ ఒళ్ళో పెట్టుకుని చీర కొంగుతో ఒక్కొక్కటే తుడిచింది. ఎందుకు బలపం ఇచ్చిందో, ఎందుకు తుడిచిందో గురమ్మకు అర్థం కాలేదు. తాను వంకరగా గీశానేమోనని బాధపడింది. చాలా బాగా గీశావక్కా అని చెప్పి హైమావతి బలపం తిరిగి తీసుకుంది.

నవంబరు మూడో వారంలో, థీసిస్ ఇచ్చే ముందు జరగాల్సిన సెమినారు యూనివర్సిటీలో జరిగింది. ఎదురుగా ఐదుగురు కూర్చున్నారు. ఎనభై ఏడు ఆర్డర్లతోనే ఆమె పటం చూపించింది. నలభై నిమిషాలు తడబడకుండా చెప్పింది. అంతా విన్నాక ఒక పెద్దాయన, సారాంశంలో నాలుగు వందల పన్నెండని రాశారు, మిగతావి ఏమయ్యాయని అడిగాడు. కడిగేశారు సార్ అంది. గదిలో నవ్వు లేచింది. ఆలోచన కొత్తగా ఉందని, ఆధారం చాలదని తేల్చారు. కావాలంటే ప్రవేశ పరీక్ష రాసి మొదటి నుంచి రిజిస్టరు చేసుకోవచ్చన్నారు.

జరిగిందంతా ఆమె నోటే విని ఉన్న కోటేశ్వరరావు వరండాలో ఆమె పక్కన వచ్చి నిలబడ్డాడు.

"తిరగరాసిన పలకలు మీ దగ్గరున్నాయి కదమ్మా. అవి పెట్టినా ఎవరూ తవ్వి చూసేవాళ్ళు కాదు. డిగ్రీ చేతికొచ్చేది."

"అవి పెడితే షెడ్డులో గురమ్మ లేనట్టే సార్. ఆమె ఉందని చెప్పేదానికే గదా ఏడేళ్ళు తిరిగినాను."

ఆయన తల వంచుకున్నాడు. ఇప్పుడు మళ్ళీ మొదలుపెడితే పూర్తయ్యేసరికి ఆమెకు యాభై. కాలేజీ అప్పటిదాకా ఆగదు, ఒంట్లో ఓపికా ఆగదు. ఆ లెక్క ఆయనకూ తెలుసు, ఆమెకూ తెలుసు.

రిజిస్ట్రేషన్ రద్దుకు ఒక ఫారం నింపాలన్నారు. కింది అంతస్తులో గుమాస్తా కిటికీ దగ్గర నిలబడి నింపింది. కారణం అన్న చోట సేకరించిన సమాచారం నష్టమైనందువల్ల అని రాసింది. గుమాస్తా చదివి ఫారం వెనక్కి తోశాడు. ఎలా నష్టమైందో, ఎవరి వల్లనో కూడా రాస్తేనే ఫైలు కదులుతుందట. వెనక ఇంకా నలుగురు వరసలో ఉన్నారు. హైమావతి పెన్ను పట్టుకుని కొంతసేపు నిలబడింది. తర్వాత ఆ గీత మీదే, మిగిలిన కొంచెం జాగాలో, నా అజాగ్రత్త వల్ల అని రాసి సంతకం పెట్టింది.