పెరటి బండ మీద పన్నెండు మిల్లీమీటర్లు

మా పెరటి దడికి అవతల క్రైస్తవ కాలేజీ వారి స్థలం. అక్కడ ఇంజనీరింగు మొదటి ఏడాది పిల్లలకు నేల ఎత్తుపల్లాలు కొలవడం నేర్పుతారు. పొద్దున్నే అందరూ కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తారు. ఆ తరవాత ఒక కన్ను మాత్రం మూసి, ముక్కాలి మీద బిగించిన యంత్రంలోకి చూస్తారు. ప్రార్థన మందిరం మెట్టు దగ్గర మొదలుపెట్టి, మా పెరట్లోంచి కాలువ గట్టెక్కి, చుట్టూ తిరిగి మళ్లీ ఆ మెట్టు దగ్గరికే రావాలి. బయలుదేరినప్పుడు మెట్టు ఎత్తు ఎంత రాసుకున్నారో, తిరిగి వచ్చేసరికి లెక్కలో అంతే రావాలి. అయిదు మిల్లీమీటర్ల తేడా వరకు ఒప్పుకుంటారు.

నేను ముప్పై నాలుగేళ్లు ఎలిమెంటరీ బడిలో లెక్కలు చెప్పాను. అయినా ఆ మాట వినగానే నా ఒళ్లు గగుర్పొడిచింది. కొబ్బరితోటలూ బురదా దాటుకుని ముప్పావు కిలోమీటరు తిరిగొచ్చి, చిటికెన వేలి గోరంత తేడా కూడా లేకుండా చెప్పడమా?

మొన్న ఆగస్టు రెండో మంగళవారం, ఓడలరేవు అనే ఊరి నుంచి వచ్చే ఒక అమ్మాయికి అది మూడోసారీ కుదరలేదు. యంత్రంలోకి చూసేది ఆమె, అంకెలు వేసిన కొలకర్ర పట్టేది ఆమె స్నేహితురాలు. శనివారం లోపల సరైన లెక్క చూపించి రికార్డు మీద మాస్టారి సంతకం తీసుకోకపోతే, ఆ పనంతా వచ్చే ఏడాది మళ్లీ చెయ్యాలి. ఇద్దరూ మా వసారాలో కూలబడ్డారు.

"ఏదో ఒక రీడింగులో ఆ పన్నెండు మిల్లీమీటర్లూ తగ్గించి రాసెయ్యవే. మిగతా జట్లన్నీ అదే చేస్తున్నాయి," అంది స్నేహితురాలు.

"అయితే నువ్వే రాయి."

"నా దస్తూరీ గుర్తుపట్టేస్తారే. నీదైతే ఆయనకేమీ అర్థం కాదు."

ఓడలరేవు అమ్మాయి నవ్వలేదు. నేను పుస్తకం అడిగి తీసుకుని మూడు పట్టికలూ కూడి చూశాను. కూడికల్లో తప్పు లేదు. మెట్టు మొదటిసారి పన్నెండు, రెండోసారి పదమూడు, మూడోసారి పన్నెండు మిల్లీమీటర్లు పైకి లేచినట్టు వచ్చింది. అజాగ్రత్త వల్ల వచ్చే తప్పు ఒకసారి అటు పోతుంది, ఒకసారి ఇటు పోతుంది. ప్రతిసారీ ఒకే వైపు, ఇంచుమించు అంతే వస్తోందంటే దానికి ఎక్కడో కారణం ఉండాలి.

"కర్ర మెత్తటి నేల మీద ఎక్కడైనా పెట్టేరా?"

"లేదండీ అమ్మమ్మగారూ. అంతా సిమెంటు మీదేనండి. ఇక్కడొక్కచోటే మీరు చెప్పిన బండ మీద పెట్టేమండి."

అది బట్టలుతికే బండ. 'నేను కాపరానికి వచ్చినప్పటినుంచీ అది కదల్లేదు, దాని మీద పెట్టుకోండి' అని మొదటిరోజు చెప్పింది నేనే. నా మాట మీద గౌరవంతో ఆ పిల్ల దాన్ని అనుమానించలేదు. నాకూ అనుమానం లేదు గాని, చూడాల్సిన చోటు ఇక అదొక్కటే మిగిలింది.

యంత్రం మెట్టు వైపు ఉండగా బండ మీది కర్రను ఒకసారి చూస్తారు. తరవాత యంత్రాన్ని కాలువ వైపుకు మార్చి, అదే చోట ఉన్న కర్రను మళ్లీ చూస్తారు. ఈ రెండు చూపుల మధ్య కర్ర కింద ఉన్నది కదలకూడదు.

స్నేహితురాలు బండ మీద కర్ర నిలబెట్టింది. నేను యంత్రానికి కన్ను ఆనించాను. ఇరవై అడుగుల దూరంలోని అంకెలు నా ముక్కు దగ్గరికి వచ్చేశాయి. వాటికి అడ్డంగా వెంట్రుక కన్నా సన్నని గీత.

"ఇప్పుడు కాలువ వైపు తిరుగు. రోజూ ఎలా తిరుగుతావో అలాగే," అంది ఓడలరేవు అమ్మాయి.

స్నేహితురాలు కర్ర మీది అంకెలు నా వైపే ఉంచి, కర్ర వదలకుండా చుట్టూ వచ్చింది. అటు వైపు బురద. చెప్పులు పాడవకుండా ఒక కాలు బండ మీద మోపింది. అంకెలు కిందికి జారాయి. గీత దగ్గర నాలుగువందల ముప్పై ఉన్నది నాలుగువందల నలభై రెండయింది.

"కాలు తియ్యమ్మా," అన్నాను. అంకెలు పైకి వచ్చాయి. "పెట్టు." మళ్లీ దిగాయి. ఏడుసార్లు పెట్టించాను. ఏడుసార్లూ అంతే.

యాభై ఒక్క ఏళ్లు, వారానికి నాలుగు రోజులు ఆ బండ మీద బట్టలు ఉతికాను. అంటే పదివేల ఆరువందల ఎనిమిది రోజులు. అన్ని రోజులూ అది నా కాళ్ల కింద దిగుతూ లేస్తూనే ఉంది కాబోలు. నాకు తెలియలేదు. పదిహేడేళ్ల పిల్లలకు మొదటి ఏడాదిలోనే చేతికిచ్చే యంత్రం ఒక్క చూపులో చెప్పింది.

"తప్పు నాదేనమ్మా."

"అయ్యో, మీదేం లేదండీ. బండదండి. కాదంటే దీని బరువుదండి."

"నీ మొహం," అంది స్నేహితురాలు.

బుధవారం పొద్దున్న బండ మానేసి, కాలువ తూము సిమెంటు అంచు మీద కర్ర పెట్టారు. తిరిగి మెట్టు దగ్గరికి వచ్చేసరికి నేనూ అక్కడ నిలబడి ఉన్నాను. ఆ అమ్మాయి కాగితం మీద కూడింది, నేను మనసులో కూడాను. ఇద్దరికీ తేడా రెండే వచ్చింది. ఇన్ని చెట్లు, ఇంత కాలువ, ఇంత బురద చుట్టి వచ్చి రెండు మిల్లీమీటర్లు. బొటనవేలూ చూపుడువేలూ దగ్గర పెట్టి అది ఎంతో చూసుకున్నాను.

శనివారం సాయంత్రం ఆ అమ్మాయి రికార్డు తెచ్చి చూపించింది. నాలుగు పట్టికలూ ఉన్నాయి. మొదటి మూడింటి పక్కన, బండ కదిలిందనీ, పరీక్షించి తెలుసుకున్నామనీ ఇంగ్లీషులో రాసింది.

"మరి ఆ మూడూ కొట్టెయ్యమన్నారా మాస్టారు?"

"లేదండీ. వాటి కిందా సంతకం పెట్టేరండి. చూడండి."

ముప్పై నాలుగేళ్లలో నేను తప్పు లెక్క కింద సంతకం పెట్టి ఎరగను. కళ్లజోడు తుడుచుకుని, ఆ మూడు పేజీలూ మొదటి నుంచి మళ్లీ చదివాను.