పైకప్పు కొట్టి చూడని రోజు

2016 వానాకాలం. అప్పుడు నేను రామగుండం దగ్గర ఒక భూగర్భ గనిలో మైనింగ్ సర్దార్‌ని. మా వైపు గనిని బాయి అంటారు. సర్దార్ అనగానే తలపాగా, కత్తి ఊహించుకోకండి. పొద్దున ఎంతమందిని బాయిలోకి దింపాడో షిఫ్టు దిగేసరికి అంతమందినీ పైకి తేవాల్సినవాడు సర్దార్. ఉద్యోగం మొత్తం ఆ ఒక్క మాటే. పరీక్ష రాసి, సర్టిఫికెట్ తెచ్చుకుని, పందొమ్మిదేళ్లు ఆ పని చేశాను.

ఆ పనిలో ఒక ముఖ్యమైన ముక్క ముందే చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. బొగ్గును పేల్చినప్పుడు ముందుకు కొంత ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీ మీద కొత్తగా బయటపడ్డ పైకప్పును గ్రీన్ రూఫ్ అంటారు. పేరు చల్లగా ఉంది గానీ బాయిలో అంతకంటే చెడ్డ చోటు లేదు. దానికింద ఇంకా ఏ ఆధారమూ ఉండదు. సపోర్ట్‌మెన్ వచ్చి ప్రాప్‌లు, అంటే నిలువు దిమ్మెలు, నిలబెట్టాలి. వాళ్లు అడుగు పెట్టేముందు సర్దార్ వెళ్లి, చివరి ప్రాప్ దగ్గర నిలబడి, పొడుగు కర్రతో కప్పును కొట్టి చూడాలి. గట్టి బండ ఖంగుమంటుంది. పొర విడిపోయి ఉంటే డొల్ల చప్పుడు వస్తుంది. డొల్లగా ఉన్న పెళ్లను దూరం నుంచే గడ్డపారతో కిందికి లాగేశాకే మనిషిని పంపాలి. మహా అయితే పది నిమిషాల పని.

ఇక ప్రార్థన సంగతి. మా తాత కాలం నుంచీ మాది క్రైస్తవ కుటుంబం. నేను కాలనీ చర్చిలో సంఘపెద్దను, ఆదివారాలు పిల్లలకు వాక్యం చెప్పేవాణ్ణి. షిఫ్టు మొదట్లో హాజరు పడ్డాక, బాయి దిగేచోట మా గ్యాంగుతో నిలబడి రెండు నిమిషాలు ప్రార్థన చేసేవాణ్ణి. ఎవరినీ రమ్మనలేదు. వాళ్లే వచ్చి హెల్మెట్లు తీసి నిలబడేవాళ్లు. వాళ్లలో ఎక్కువమంది హిందువులు, ఇద్దరు ముస్లింలు.

అందరికంటే ముందు వచ్చి నిలబడేవాడు సపోర్ట్‌మన్ కొమురయ్య. నలభై దాటిన మనిషి, నవ్వకుండా మాట్లాడ్డం చేతకాదు. "ఇంటికాడ మల్లన్న చూసుకుంటడు, బాయిల మీ దేవుడు చూసుకుంటడు సర్దారన్నా. ఇద్దరికి డ్యూటీలు పంచిచ్చిన" అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు, నేనూ నవ్వేవాణ్ణి.

అప్పటికి తొమ్మిదేళ్లుగా నా గ్యాంగులో ఒక్కడికి గోరు కూడా ఊడలేదు. పక్క గ్యాంగువాళ్లు "దాసు సర్దార్ ప్రార్థన గట్టిది" అనేవాళ్లు. అలా అంటున్నప్పుడు "కాదురా, నా కర్ర గట్టిది, రోజూ కొట్టి చూస్తా" అని చెప్పాల్సింది. చెప్పలేదు. పొగడ్త తియ్యగా ఉంది, మింగేశాను. మెల్లగా నేనూ అదే నమ్మడం మొదలుపెట్టాను.

ఆ రోజు మొదటి షిఫ్టు. నాలుగు గంటలకు మా ఇంట్లో గృహప్రార్థన పెట్టుకున్నాం. పాస్టరు గారు వస్తారు, బసంత్‌నగర్ నుంచి మా అక్కావాళ్లు వస్తారు. మూడింటికి షిఫ్టు దిగి స్నానం చేసి సిద్ధంగా ఉండాలి. లోపలేమో పంపు మొరాయించి నీళ్లు నిలబడ్డాయి, పని వెనకబడింది. ఒంటిగంటన్నరకు గానీ పేల్చలేదు. మూడు చోట్ల పేల్చాం. పొగ పోయాక రెండు చోట్ల కప్పు కొట్టి చూశాను, రెండూ ఖంగుమన్నాయి. మూడోచోటికి వెళ్లేసరికి రెండున్నర. క్యాప్ ల్యాంపు వెలుగులో తలెత్తి చూశాను. నున్నగా, పగులు లేకుండా కనిపించింది. కర్ర చేతిలోనే ఉంది. ఎత్తలేదు.

వెనక కొమురయ్య, అతని జతగాడు ఖాజా ప్రాప్ మోసుకొచ్చి నిలబడ్డారు. ఖాజా అనుమానం మనిషి, అడగకుండా అడుగు వెయ్యడు.

"సర్దార్ సాబ్, కొట్టి చూసిన్రా?"

నేను ఏమన్నానో అక్షరం పొల్లుపోకుండా చెప్తాను, ఎందుకంటే ఈ మాటను నేను చాలామంది ముందు చెప్పాల్సి వచ్చింది. "పొద్దున ప్రార్థన చేసినం గద భాయ్. దేవుడు చూసుకుంటడు. జల్ది కానియ్యండి" అన్నాను.

ఖాజా కదల్లేదు. కొమురయ్య మాత్రం నవ్వి, "ఏం ఫికర్ లేదు తియ్! సర్దారన్న చెప్పినంక ఇంకేంది" అని ప్రాప్ భుజాన పెట్టుకుని లోపలికి నడిచాడు. నాలుగడుగులు వేశాడేమో.

బండ పడేముందు చప్పుడు చేస్తుందని అంటారు. ఇది చెయ్యలేదు. మంచమంత పెళ్ల ఒకే ముక్కగా దిగింది. దుమ్ము తగ్గాక చూస్తే కొమురయ్య నడుము కింది భాగం దానికింద ఉంది. నాకు రెండడుగుల అవతల.

జాకీలు తెమ్మని కేకలు వేశాను. ఖాజా ఫోన్ దగ్గరికి పరుగెత్తాడు. నేను కొమురయ్య తల పట్టుకుని కూర్చున్నాను. స్పృహలోనే ఉన్నాడు. నన్ను తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"ప్రార్థన చెయ్యి సర్దారన్నా" అన్నాడు.

చేశాను. జాకీలు వచ్చి బండ లేపేదాకా, అరగంట పైనే చేశాను. నా గొంతు వింటూ అతను ధైర్యంగా ఉన్నాడు. పైకి తెచ్చి అంబులెన్సు ఎక్కించాం. దవాఖాన గేటు దాటకముందే ప్రాణం పోయింది.

ఇంతవరకు జరిగింది నిర్లక్ష్యం. ఇక్కడినుంచి జరిగింది పాపం.

షిఫ్టు చివర సర్దార్ తన రిపోర్టు పుస్తకంలో ఏయే చోట్ల కప్పు పరీక్షించాడో రాసి సంతకం పెట్టాలి. ఆఫీసులో పుస్తకం ముందేసుకుంటే నా పై అధికారి, ఓవర్‌మన్ సత్యం వచ్చి పక్కన కూర్చున్నాడు. పదేళ్ల స్నేహం మాది. నా మేలు కోరే చెప్పాడు.

"ఇనుర దాసూ. మూడు చోట్ల కొట్టి చూసిన అని రాయి. నేను చెప్పకముందే గ్రీన్ రూఫ్ కిందికి పోయిండు అని రాయి. పోయినోడు ఎట్లాగు రాడు. నీకు పిల్లలున్నరు."

"ఖాజా ఉన్నడు గదన్నా."

"ఖాజాతోటి నేను మాట్లాడుత. నువ్వు రాయి."

రాశాను. నా చేత్తో, నా అక్షరాలతో. కింద సంతకం పెట్టాను. పెట్టాక ఇంటికి వెళ్లి, నాకోసం కాచుకుని ఉన్నవాళ్లందరి మధ్య మోకాళ్ల మీద కూర్చున్నాను కూడా. గృహప్రార్థన ఆగలేదు.

చచ్చినవాడి కళ్లు చారెడు అంటారు. మా కాలనీలో కొమురయ్యకు ఆ మర్యాద కూడా దక్కలేదు. "చెప్పకుండ పోయిండట", "రాత్రి తాగి ఉండెనట", "నిద్రమత్తుల డ్యూటీకి వచ్చిండట". మూడు రోజుల్లో ఆ మాట చాయ్ హోటల్లో పాకింది, చర్చి వరండాలోకీ వచ్చింది. కొమురయ్య కల్లు తాగేవాడు, నిజమే. పండక్కి తాగేవాడు. నా నోటికి మాత్రం తాళం పడింది.

ఆదివారం వచ్చింది. మా చర్చిలో ఆరాధన మధ్యలో సాక్ష్యం చెప్పే అలవాటు ఉంది. దేవుడు తమకు చేసిన మేలును ఎవరైనా లేచి నలుగురి ముందు చెప్తారు. పాస్టరు గారు నావైపు చెయ్యి చూపించి, "మన దాసు అన్న బండకు రెండడుగుల దూరంలో ఉన్నాడు. ప్రభువు ఆయన తలవెంట్రుక కూడా రాలనివ్వలేదు. లేచి సాక్ష్యం చెప్పన్నా" అన్నారు. లేచాను. దేవుడు నన్ను కాపాడాడు, ఆయనకే మహిమ అన్నాను. అందరూ "స్తోత్రం" అన్నారు. చప్పట్లు కొట్టారు. నీళ్లు తాగే నెపంతో బయటికి వచ్చేశాను.

గేటు దగ్గర కొమురయ్య భార్య లక్ష్మి నిలబడి ఉంది. పక్కన ఎవరూ లేరు. లోపల మైకు మాటలు అక్కడికి వినిపిస్తాయి. నేను చెప్పిందంతా విన్నదన్నమాట.

"లోపల్కి రా, కూసో లక్ష్మీ" అన్నాను.

"కూసోను. ఒక్క మాట అడగనీకి వచ్చిన. ఆయన నౌకరీ గురించి గాదు, అది మా బిడ్డకు ఇస్తమన్నరు. మా ఆయన బాయిల తప్పు జేసిండా సర్దారన్నా? తాగి పోయిండని అందరంటున్నరు. ఆ పొద్దు నా చేతి అంబలి తాగి పోయిండు, ఇంకేం తాగలే. నువ్వు దేవుని మనిషివి, అబద్ధమాడవు. నువ్వు ఏదంటె అదే నమ్ముత."

ఆమె నా ముఖంలోకే చూస్తోంది. అవునంటే ఆమె భర్త తప్పు చేసినవాడైపోతాడు, శాశ్వతంగా. కాదంటే నేను. మధ్యలో ఇంకో దారి లేదు, ఎంత వెతికినా.

"ఆయన తప్పు లేదు. నేను కొట్టి చూడలే. ఖాజా అడిగిండు గూడ. దేవుడు చూసుకుంటడని నేనే పంపిన" అన్నాను.

ఏడుస్తుందనుకున్నాను. చెంప మీద కొడుతుందనుకున్నాను. ఆమె కొంగు నడుముకు దోపుకుంది.

"నాకు చెప్తె ఏం లాభం? తాగి పోయిండన్నోళ్లంత లోపలనే ఉన్నరు. లోపల్కి పా. అక్కడ చెప్పు."

నేను ముందు, ఆమె వెనక. పాస్టరు గారు వాక్యం చదువుతున్నారు. మధ్యలోనే ముందుకు వెళ్లి మైకు అడిగాను. ఇందాక నేను చెప్పింది సగమేనని, మిగతా సగం ఇదీ అని, కర్ర ఎత్తకపోవడం, ఖాజా అడగడం, నా జవాబు, పుస్తకంలో రాసిన అబద్ధం, అన్నీ చెప్పాను. కొమురయ్య తాగలేదని చెప్పాను. ఒక్కరూ స్తోత్రం అనలేదు.

పాస్టరు గారు నా భుజం మీద చెయ్యి వేసి, "సహోదరుడు దుఃఖంలో ఉన్నాడు. అంతా దేవుని చిత్తం" అన్నారు. మంచి మనిషి, నన్ను కాపాడాలనే చూశారు.

"దేవుని చిత్తం కాదయ్యగారూ, నా తొందర" అన్నాను. "నేను చెయ్యని పనిని ఆయన మీద వెయ్యకండి."

వెనక్కి చూస్తే లక్ష్మి అప్పటికే వెళ్లిపోయింది.

మర్నాడు విచారణ అధికారులకు రాతపూర్వకంగా ఇచ్చాను. ఖాజా అంతకుముందే నిజం చెప్పేశాడని అప్పుడు తెలిసింది. సత్యం ఎంత బతిమాలినా వినలేదట. నా సర్టిఫికెట్ పోయింది, సర్దార్ పని పోయింది. మిగిలిన సర్వీసు పైన స్టోర్‌లో సామాను అందిస్తూ గడిపాను. సత్యం మందమర్రికి బదిలీ చేయించుకుని వెళ్లిపోయాడు, మళ్లీ మాట్లాడలేదు. సంఘపెద్దగా నేనే తప్పుకున్నాను. వీటికి నాకు బాధ లేదని అంటే అబద్ధం. ఉంది. కానీ దక్కాల్సిందే దక్కింది.

రిటైరయ్యాక ఇప్పుడు గోదావరిఖనిలోనే ఉంటున్నాను. సర్దార్ పరీక్షకు చదివే పిల్లలు డౌట్లు అడగడానికి ఇంటికి వస్తారు. ప్రార్థన మానేశారా అంకుల్ అని ఒకడు అడిగాడు. మానలేదు. బాయి దిగేవాడు ఏదో ఒక దేవుణ్ణి తలుచుకోకుండా దిగలేడు, దిగకూడదు కూడా. నేను నేర్చుకున్నది ఒక్కటే. కాపాడు స్వామీ అని అడిగేముందు నా పని నాచేత చేయించు అని అడగాలి. కప్పు కొట్టి చూడ్డం దేవుడి డ్యూటీ కాదు, నాది. కొట్టి చూశాక కూడా బండ పడొచ్చు, అప్పుడు ఆయన్ని అడగొచ్చు. కొట్టి చూడకుండా ఆయన పేరు చెప్పి మనిషిని పంపడం నమ్మకం కాదు. అది ఆయన పేరు మీద చేసిన దొంగ సంతకం.

ఏడాది తర్వాత ధైర్యం చేసి లక్ష్మి ఇంటికి వెళ్లాను. గడపలోనే నిలబడి క్షమించమని అడిగాను. ఆమె బియ్యం చెరుగుతోంది, చాట పక్కన పెట్టలేదు.

"మీ దేవుడు నిన్ను క్షమించిండో లేదో అది మీ ఇద్దరి ముచ్చట. నాకింకా మనసు రాలే సర్దారన్నా. వచ్చినప్పుడు నేనే కబురు పంపుత" అంది.

ఆమెది తప్పు కాదు. కబురు ఇంకా రాలేదు.