గుమ్మటాల కింద నానమ్మ మొక్కు

మనవడి భార్య మలీద చేస్తుంటే, వేడి సజ్జరొట్టె, బెల్లం, నెయ్యి కలిసిన వాసన వీధి దాకా పాకి, ఆదిభట్ల కంపెనీ బస్సు కోసం నిలబడ్డ పిల్లలు కూడా ఇటు తల తిప్పుతారు. నాకు మాత్రం కాచిగూడ స్టేషన్ కనబడుతుంది.

మా ఇబ్రహీంపట్నానికి రైలు లేదు. నా చిన్నప్పుడు, దసరా వెళ్లి, గుట్టల మీద సీతాఫలాలు కన్ను విప్పి, పొద్దున్నే గడ్డి మీద మంచు నిలిచే రోజులవి. అంతకుముందెప్పుడో, ఎడ్లు అమ్మేశాడని నానమ్మ నలుగురిలో నోటికొచ్చినట్టు తిట్టేసరికి, బాపు అలిగి నాందేడ్ పోయి పత్తి మిల్లులో చేరాడు. చాలాకాలానికి ఊరివాడొకడితో కబురంపాడు: పున్నమినాటి పొద్దుటి బండికి కాచిగూడలో దిగుతాను, అమ్మ ఎదురొస్తే ఇంటికొస్తాను, లేకుంటే అటునుంచటే తిరిగిపోతాను. అది విన్నప్పటినుంచి మా అమ్మకు ముద్ద దిగలేదు.

నానమ్మ మలీద ముద్దలు మూటగట్టి, నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కింది. మన్నెగూడ దగ్గర మా బస్సుకు పులి అడ్డమొచ్చింది. పులి అంటే, నక్క. సరే, కుక్కే అనుకోండి.

పట్నంలో జట్కా దిగి తలెత్తితే ఆకాశం నిండా గుమ్మటాలే, వందకు తక్కువుండవు! పెద్దయ్యాక తీరిగ్గా చూస్తే నడుమ ఒక పెద్దది, అటూ ఇటూ చిన్నవి, పక్కన సన్నటి మీనార్లు, కింద కమానులు. నిజాం కాలంలో రైళ్ల కోసమే కట్టించారట. అప్పుడు మాకేం తెలుసు? మేమెరిగిన గుమ్మటం దర్గాదొక్కటే.

నానమ్మ కొంగు తల మీదికి లాక్కుంది.

"చెప్పులిడ్వు పోరడా! దర్గల గట్లనే పోతరా?"

"టేషన్ కాడ దించుమన్నం గద నానమ్మా?"

"టేషన్‌కు గుమ్మటమెందుకుంటదిరా, రేకులుంటయి గని! జర ఆగు. మీ బాపు ఇంటికి రావాల్నని మొక్కుకొని పోదం."

నాకూ అది న్యాయంగానే తోచింది. ఆమె కమాను కింద గడపరాతికి నుదురు ఆనించింది, ఎంతకూ లేవదు. లోపలెక్కడో కూత వినబడింది, బొగ్గుపొగ వాసన కొట్టింది, ఆ వెంటనే గంపలతో, పరుపుచుట్టలతో జనం మమ్మల్ని తప్పుకుంటూ బయటికి వచ్చారు. వాళ్ల వెనక రేకు ట్రంకుతో బాపు.

ఆయన కంటికి కనబడింది ఒకటే: అంతమంది ముందు, తను నడిచొచ్చే దారిలో, తన తల్లి నేలకు తల ఆనించి ఉండడం. ట్రంకు చేతిలోంచి జారిపోయింది.

"అమ్మా! నాకు మొక్కుతవేందే? నాకు పాపం తగుల్తది, లే!" అంటూ ఆమెను లేవనెత్తి కాళ్ల మీద పడ్డాడు.

నేను నోరు తెరవబోయాను. నానమ్మ నా తొడ మీద గట్టిగా గిల్లింది. గుమ్మటాన్ని ఒకసారి, కొడుకును ఒకసారి చూసి, "అవ్ బిడ్డా. పా, ఇంటికి పోదం," అంది.

ఆ తర్వాత బాపు ఎవరు దొరికినా చెప్పుకునేవాడు: "మా అమ్మ పట్నంల అందరి ముందట నాకు మొక్కింది. ఇంకెట్ల పోత?" ఒకసారి నానమ్మను చాటుగా అడిగాను. "ఎవలకు మొక్కితేందిరా, ఆడు ఇంటికొచ్చిండా లేదా?" అంది.

గుమ్మటాలు ఇప్పటికీ ఉన్నాయి, రాత్రిళ్లు రంగు దీపాలు కూడా వేస్తున్నారట. జట్కాలు లేవు, బొగ్గుపొగ లేదు, నానమ్మా బాపూ లేరు. బాపు ఉన్నన్నాళ్లూ నేను అసలు సంగతి చెప్పలేదు, తెలిస్తే మళ్లీ నాందేడ్ బండి ఎక్కుతాడేమోనని. ఇప్పుడు ధైర్యంగా చెబుతున్నాను. నాందేడ్ పోయే ఆ చిన్న పట్టాల మీటర్‌గేజి బండిని ఎప్పుడో తీసేశారు.